నావికుని దోషమూ, దైవికమూ: తొలి పడవ నడిపేవారి బాధ్యతను గురించి

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో రేవు సుంకాలను, పడవ కేవును నిర్ణయించిన వెంటనే స్మృతికారుడు రెండు శ్లోకాలలో ఒక తగవును తీరుస్తాడు. పడవలో ఎక్కించిన సరుకు పడవవారి తప్పిదం వల్ల చెడితే ఆ నష్టాన్ని వారందరూ తలా కొంత వేసుకొని పూడ్చాలనీ, అయితే ఈ నియమం నీటి మీద వారు చూపిన ఏమరుపాటుకే వర్తిస్తుందనీ, దైవికంగా, అంటే మనుష్య ప్రయత్నానికి లొంగని కారణం వల్ల, కలిగిన నష్టానికి దండన లేదనీ ఆ శ్లోకాల తాత్పర్యం. విభజన చదవడానికి సుగమంగానే ఉన్నది కాని, తగవు వచ్చినప్పుడు నలిగేదంతా ఆ రెండింటి మధ్య గీతే. గాలి విసిరింది, పడవ ఒరిగింది, సరుకు తడిసింది. గాలి దైవికమేనని అందరూ ఒప్పుకొంటారు. ఆ గాలికి తెరచాపను దించకపోవడం ఏ పద్దులోకి వస్తుంది? మబ్బు కమ్ముతున్నదని చూసి కూడా రేవు విడవడం ఏ పద్దులోకి వస్తుంది? స్మృతి రెండు పేర్లు పెట్టి ఊరుకొన్నది. గీతను ఎక్కడ గీయాలో తీర్పరికి వదిలింది.

ఆ గీత ఉన్నచోటనే ఉంటుందా, మనిషి నేర్చుకొనేకొద్దీ జరుగుతుందా అన్నది ఈ వ్యాసంలో విచారించదలచిన ప్రశ్న. దానికి ఉదాహరణగా ఓడనాయకుణ్ణి కాక, సొంతానికి మొదటిసారి ఒక చిన్న తెరచాప పడవను తెచ్చుకొని నడపడం నేర్చుకొంటున్న మనిషిని తీసుకోవడానికి రెండు కారణాలున్నాయి. మనువు చెప్పిన తగవులో నడిపినవాడు ఒకడు, నష్టపోయినవాడు వేరొకడు, తీర్పు చెప్పేవాడు మూడవవాడు. ఒంటరిగా తన పడవను నడిపే మనిషి విషయంలో ఈ మూడు స్థానాలూ ఒక్కరివే కనుక, నెపం మోపడానికి గాలి తప్ప మరెవరూ మిగలరు. రెండవది, ఓడనాయకుని అజ్ఞానం ఎప్పుడో బాల్యంలో తొలగిపోయింది గనుక దాని ఆనవాళ్లు దొరకవు. కొత్తగా నేర్చుకొనేవారి అజ్ఞానం మాత్రం కళ్లెదుటే కొద్దికొద్దిగా కరుగుతుంది, అది కరుగుతున్నప్పుడు దోషానికీ దైవికానికీ నడుమ గీత ఎటు జరుగుతున్నదో గమనించవచ్చు.

అనేక దేశాలలో పిల్లలకు తెరచాప పడవ నేర్పడానికి వాడే ఆప్టిమిస్ట్ అనే పడవను 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ రూపొందించాడు. దాని పొడవు 2.36 మీటర్లు, ముక్కు కోసుగా కాక మొద్దుగా, గంగాళం తెగ్గోసినట్టు ఉంటుంది, తెరచాప ఒక్కటే, మనిషీ ఒక్కరే. పెద్దవారు తొలి పడవగా ఎంచుకొనేది తరచు బ్రూస్ కర్బీ గీసిన లేజర్ వంటిది, 4.23 మీటర్ల పొడవుది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్వించిన హుస్సేన్‌సాగర్ మీద ఇప్పుడు ఈ రెండు రకాల పడవలతోనూ శిక్షణలు, పోటీలు జరుగుతున్నాయి. ఇటువంటి పడవలో ఇంజను ఉండదు, తెడ్డు పని కూడా నామమాత్రం. వెనుక చుక్కాని, దానిని తిప్పే పిడి అయిన టిల్లర్; తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డకొయ్య అయిన బూమ్; తెరచాపను లోపలికి లాగడానికీ, బయటికి వదలడానికీ ఉన్న మెయిన్‌షీట్ అనే తాడు; పడవ మధ్యలోని చీలిక గుండా నీటిలోకి దించే డ్యాగర్‌బోర్డు అనే పలక: నడిపేవారి చేతిలో ఉన్నవి ఇంతే. వీటిలో ఏ ఒక్కటీ పడవను ముందుకు తోయలేదు. తోసే శక్తి గాలిది. పక్కకు కొట్టుకుపోకుండా ఆపే శక్తి పలకను ఒరుసుకొనే నీటిది. ఈ రెండు శక్తులూ ఏ కోణంలో కలవాలన్నది మాత్రమే మనిషి నిర్ణయించేది. గాలి వచ్చే దిక్కుకు ఇరుపక్కలా సుమారు 45 డిగ్రీల మేర ఏ తెరచాప పడవా నేరుగా పోలేదు. అయినా ఆ మేర అంచున వాలుగా సాగుతూ, కొంత దూరం పోయాక ముక్కును గాలి దిక్కు మీదుగా తిప్పి గాలిని రెండవ వైపున తీసుకొంటూ (దీనినే ట్యాకింగ్ అంటారు) ఎదురుగాలి పుట్టిన చోటికే చేరుకోగలదు.

భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం ఏ పని నెరవేరడానికైనా ఐదు కారణాలను చెబుతుంది. పని జరిగే ఆధారం అధిష్ఠానం, చేసేవాడు కర్త, సాధనాలు కరణాలు, ఆ సాధనాలను కదిలించే నానావిధ వ్యాపారాలు చేష్టలు, ఐదవది దైవం. ఈ ఐదవదానిని శంకరులు కన్ను మొదలైన ఇంద్రియాలను అనుగ్రహించే ఆదిత్యాది దేవతలుగా వ్యాఖ్యానించారు. రామానుజులు అంతర్యామి అయిన పరమాత్మగా గ్రహించారు. వ్యాఖ్యాతల మధ్య ఎంత భేదమున్నా, తానొక్కడినే కర్తనని చూసేవాడు సరిగా చూడడం లేదన్న తరువాతి మాటను ఎవరూ కాదనలేదు. సాధారణంగా ఈ మాటను వినయబోధగా తీసుకొని వదిలేస్తారు. అయితే ఐదుగురిలో ఒకడు కావడమంటే ఒకడు కాకుండా పోవడం కాదన్న సంగతి కూడా అందులోనే ఉన్నది. నేర్చుకొనేవారు ఈ రెండు తప్పులూ వరుసగా చేస్తారు: తొలి గంటలో పడవ సాగితే అది తమ ప్రతాపమనుకొంటారు, మలి గంటలో బోల్తా పడితే అది గాలి పనే అంటారు. మొదటి గంట లెక్కలో దైవం లేదు, రెండవ గంట లెక్కలో కర్త లేడు. రెండూ తప్పు లెక్కలే, రెండవది కొంచెం ఎక్కువ హాయినిస్తుంది.

బోల్తా పడడం ఎలా జరుగుతుందో కొంత వివరంగా చూడడం అవసరం, ఎందుకంటే వాదమంతా ఆ కొన్ని క్షణాలలోనే ఉన్నది. నీటి మీద గాలి ఒకే తీరున వీచదు. నగరం నడుమ ఉన్న జలాశయం మీద అయితే చుట్టూ ఉన్న కట్టడాల మధ్య నుంచి వచ్చేసరికి అది చీలి, మళ్లి, ఆగి, ఉన్నట్టుండి విసురుగా వస్తుంది. ఆ విసురు రావడానికి ముందే దాని జాడ కనిపిస్తుంది. గాలి తాకిన చోట పుట్టే సన్నని అలలు వెలుతురును చెదరగొట్టడం వల్ల ఆ మేర నీరు చుట్టూ ఉన్న నీటి కంటే నల్లగా, ముదురు మచ్చలా తోస్తుంది. ఆ మచ్చ పడవ వైపు కదిలి వస్తుంది. చూడగలిగినవారికి కొన్ని క్షణాల వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధిలో వారు అంచు మీదికి జరిగి కూర్చొని నడుము పైభాగాన్ని నీటి మీదికి వెనక్కి వాలుస్తారు, మెయిన్‌షీట్‌ను మూర, రెండు మూరలు సడలిస్తారు, ముక్కును కొద్దిగా గాలి వైపు తిప్పుతారు. విసురు వచ్చి తాకినప్పుడు పడవ ఒరగడానికి బదులు వేగం పుంజుకొంటుంది. కొత్తవారు ఆ మచ్చను చూడరు, చూసినా అది మబ్బు నీడ అనుకొంటారు. విసురు తాకగానే, జారిపోయేవారు దొరికినదాన్ని పట్టుకొన్నట్టే, చేతిలోని తాడును మరింత గట్టిగా బిగిస్తారు. టిల్లర్‌ను తమ వైపుకు లాక్కొంటారు. తాడు బిగించడంతో తెరచాప గాలిని విడవదు. టిల్లర్ తమ వైపుకు రావడంతో ముక్కు గాలికి దూరంగా తిరిగి తెరచాప మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ప్రాణభీతి చేయించిన రెండు పనులూ పడవను ముంచేవే.

నీటిలోంచి తల పైకెత్తినవారు గాలి పడదోసిందనే చెబుతారు, అందులో అసత్యం లేదు. అదే గాలి అదే క్షణంలో పక్క పడవను పడదోయలేదన్నది కూడా అంతే సత్యం. ఒకే విసురు ఒక పడవలో దైవికమై, పక్క పడవలో అవకాశమైనప్పుడు, దోషానికీ దైవికానికీ మధ్య గీత చెరువులో లేదని, గాలిలోనూ లేదని, నడిపేవారి ఎరుకలోనే ఉన్నదని ఒప్పుకోక తప్పదు. ఇంకొక అడుగు వేస్తే ఫలితం మరింత ఇబ్బందికరంగా ఉంటుంది. మొదటి రోజున దైవికమని నిజాయితీగా చెప్పగలిగిన బోల్తాను, నల్లమచ్చను గుర్తుపట్టడం నేర్చుకొన్న తరువాత అదే మనిషి దైవికమని చెప్పలేడు. గాలి మారలేదు, పడవ మారలేదు. ఒక పద్దులోని అంశం రెండవ పద్దులోకి వచ్చి చేరింది. అంటే నేర్చుకోవడమనేది సామర్థ్యాన్ని కూడబెట్టుకోవడం ఎంత అవుతుందో, నిన్నటిదాకా దైవం ఖాతాలో ఉన్న అప్పును తన ఖాతాకు మార్చుకోవడం కూడా అంతే అవుతుంది. పనివాడు నిందకు అతీతుడని లోకం అనుకొంటుంది కాని, నిందకు పాత్రుడయ్యే అర్హత సంపాదించుకొన్నవాడే పనివాడు.

దైవాన్ని గురించి ధర్మశాస్త్రాలు చెప్పినదానికి ఈ మాట పూర్తిగా కొత్తది కాదు. యాజ్ఞవల్క్యస్మృతి పనుల సిద్ధి దైవ పురుషకారాలు రెండింటి మీద ఆధారపడుతుందని చెబుతూ, ఒంటి చక్రంతో బండి నడవదన్న పోలిక తెస్తుంది. అంతకు ముందే దైవమంటే పూర్వదేహంలో చేసిన పురుషకారం ఇప్పుడు వ్యక్తం కావడమేనని నిర్వచిస్తుంది. పురుషకారమంటే మనిషి బుద్ధిపూర్వకంగా చేసే ప్రయత్నం. ఈ నిర్వచనాన్ని అంగీకరించడానికి జన్మాంతరం దాకా పోనక్కరలేదు, ఒడ్డు దాకా పోతే చాలు. లేజర్ పడవ వెనుక భాగంలో లోపలి నీరు పోవడానికి ఒక రంధ్రం, దానికొక బిరడా ఉంటాయి; బయలుదేరే ముందు ఆ బిరడాను బిగించడం మరచినవారికి చెరువు నడుమ పడవ బరువెక్కి మొద్దుబారడం కారణం తెలియని దైవిక ఘటనగానే అనుభవంలోకి వస్తుంది. అది గంట క్రితపు తమ చేయే. ముడి సరిగా పడని తాడు, చూడకుండా వదిలిన చీలిక, వాతావరణ సూచనను చదవకపోవడం, ఇవన్నీ పూర్వకృతాలే; నీటి మీద ఇవి ముఖం మార్చుకొని దైవంగా ఎదురవుతాయి. యోగవాసిష్ఠంలోని ముముక్షు ప్రకరణం ఈ దారిలో చివరిదాకా పోయి, దైవమన్నది మందబుద్ధులు కల్పించుకొన్న ఊరట తప్ప మరేమీ కాదని తీర్మానిస్తుంది. అంత దూరం పోవడం వాదానికి తేలిక, నీటికి సరిపడదు. బిరడా బిగించి, ముడులు సరిచూసి, సూచన చదివి బయలుదేరినవారి మీద కూడా విరిగిపడే గాలి ఒకటి ఉన్నది.

ఆ మిగులును ఎలా కొలవాలో 1876 నాటి ఒక ఇంగ్లండు తీర్పు చూపిస్తుంది. లండన్ నుంచి అబర్డీన్‌కు ఓడ మీద పంపిన ఒక గుర్రం దారిలో తుఫాను తాకిడికి కొంత, తన బెదురుకు కొంత గాయపడి చనిపోయింది. న్యూజెంట్, స్మిత్‌ల మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో అప్పీలు న్యాయస్థానం ఓడవారిని బాధ్యులను చేయలేదు. ఎవరికీ ఏ విధంగానూ నివారించ శక్యం కానిదే దైవికమని పట్టుబడితే దైవికమంటూ ఏదీ మిగలదు. సమంజసమైన జాగ్రత్తంతా తీసుకొన్నా తప్పనిదే దైవికమన్నది ఆ తీర్పు సారం. మనువు వదిలిన ఖాళీలోకి ఇది చక్కగా ఒదుగుతుంది కాని, సమంజసమైన జాగ్రత్త అన్న కొలబద్ద నేర్పరికీ కొత్తవారికీ ఒకటేనా అన్న ప్రశ్నను ఇది ముట్టదు.

ఆ ప్రశ్నను ముట్టినవాడు అరిస్టాటిల్. నికొమాకస్ నీతిశాస్త్రం మూడవ భాగంలో ఆయన ఇచ్ఛాపూర్వకమైన, ఇచ్ఛారహితమైన పనులను విడదీస్తూ, తుఫానులో ఓడను నిలుపుకోవడానికి సరుకును సముద్రంలో పారవేయడాన్ని రెండింటికీ మధ్యస్థమైన పనిగా పేర్కొంటాడు. ఇంకా ముందుకు పోయి, తాగిన మైకంలో నేరం చేసినవానికి శాసనకర్తలు రెట్టింపు శిక్ష వేస్తారనీ, మైకంలో తెలియకపోయినా తాగకుండా ఉండడం అతని చేతిలోనే ఉన్నదనీ, అశ్రద్ధ వల్ల తెలియకపోవడం కూడా అటువంటిదేననీ వాదిస్తాడు. అజ్ఞానం క్షమార్హమా కాదా అన్నది ఆ అజ్ఞానం ఎక్కడి నుంచి వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుందని దీని భావం. అయితే నేర్చుకొనేవారిలో ఆ చర్చలో ఆయన పట్టించుకోని మూడవ స్థితి ఒకటున్నది. విసురు వచ్చినప్పుడు తాడు వదలాలని శిక్షకుడు పదిసార్లు చెప్పాడు, చెవి విన్నది, బుద్ధి ఒప్పుకొన్నది, చేయి మాత్రం ఇంకా బిగిస్తూనే ఉన్నది. ఇక్కడ జ్ఞానం ఉన్నదనాలా, లేదనాలా? శాస్త్రజ్ఞానం అనుభవంగా పండనంత కాలం అది ఉన్నా లేనిదేనని వేదాంతులు చెప్పే మాట బ్రహ్మవిద్యకే పరిమితం కాదు. చేతి అజ్ఞానాన్ని ఆ క్షణంలో నిందించడం వృథా, ఆ క్షణంలో చేయి మరొకలా చేయలేదు. చేయి ఇంకా నేర్వలేదని తెలిసి కూడా ఆ రోజు గాలికి పడవను దించడానికి ఒప్పుకొన్నది బుద్ధి. దోషం ఉంటే అక్కడ ఉన్నది, విసురుకు ముందు, ఒడ్డు మీద.

తెరచాప పడవ పోటీల నియమావళి ఈ సంగతిని తత్త్వశాస్త్రం కంటె సూటిగా పట్టుకొన్నది. పోటీలో దిగాలా, దిగినాక కొనసాగాలా అన్న నిర్ణయానికి బాధ్యత పూర్తిగా ఆ పడవదేనని ఒక నియమం చెబుతుంది. పోటీ నడిపేవారు ఎంత పెద్ద గాలిలో జెండా ఎత్తినా ఆ బాధ్యత వారి మీదికి పోదు. మరొక పడవకు దారి ఇవ్వవలసి ఉండి ఇవ్వనివారు, ఎవరో వచ్చి పట్టుకొనేదాకా ఆగకుండా, ఆ నీటి మీదనే పడవను రెండు చుట్లు తిప్పి తమ శిక్షను తామే అనుభవించి పోటీ కొనసాగించవచ్చు. తీవ్రమైన నష్టమో గాయమో కలిగించి ఉంటే పోటీ నుంచి తప్పుకోవాలి. తన తప్పేమీ లేకుండా వెనుకబడిన పడవకు న్యాయం కోరే వీలు వేరే నియమంలో ఉన్నది. మనువు చేసిన రెండు పద్దులూ ఇక్కడ ఉన్నాయి. అదనంగా దోషాన్ని తానే గుర్తించి తానే తీర్చుకొనే ప్రాయశ్చిత్తం కూడా ఉన్నది. ఎవరూ చూడని చోట ఆ రెండు చుట్లూ తిరిగే పడవలు ఎన్నో చెప్పడం కష్టమే.

జ్ఞానం పెరిగేకొద్దీ దోషం పెరుగుతుందంటే, ఏమీ తెలియనివాడే నిర్దోషి అవుతాడు కదా, అటువంటప్పుడు నేర్చుకోకుండా ఉండడమే శ్రేయస్సు కాదా అన్న ఆక్షేపణ ఇక్కడ సహజంగా వస్తుంది. పాళీ బౌద్ధ గ్రంథమైన మిళిందపఞ్హంలో యవనరాజు మిళిందుడు నాగసేన భిక్షువును దాదాపు ఇదే అడుగుతాడు: తెలిసి పాపం చేసినవానికి దోషం ఎక్కువా, తెలియక చేసినవానికి ఎక్కువా? తెలియక చేసినవానికే ఎక్కువ అని భిక్షువు జవాబు. రాజు నివ్వెరపోయి, తమ కొలువులో తెలియక తప్పు చేసినవారికి రెట్టింపు దండన వేయాలా అని ఎత్తిపొడుస్తాడు. కాలిన ఇనుప గుండును తెలిసి పట్టుకొన్నవాడు ఎక్కువ కాలుతాడా, తెలియక పట్టుకొన్నవాడా అని నాగసేనుడు తిరిగి అడుగుతాడు. తెలియనివాడే అని రాజు ఒప్పుకొంటాడు, చర్చ అక్కడితో ముగుస్తుంది.

రాజు అంత తొందరగా ఒప్పుకోవలసింది కాదు. ఆయన అడిగింది దోషాన్ని గురించి, భిక్షువు చెప్పింది కాలడాన్ని గురించి. తెలియక చేసిన పాపానికి ప్రాయశ్చిత్తం తేలికదని చెప్పే ధర్మశాస్త్రకారులు, తెలియనివానికే ఎక్కువ దెబ్బ తగులుతుందని చెప్పే నాగసేనుడు పైకి విరోధుల్లా కనిపిస్తారు కాని, వారు కొలుస్తున్న వస్తువులు వేరు. మొదటివారిది తీర్పరి దృష్టి. రెండవది వైద్యుని దృష్టి. తొలి పడవలో ఉన్న మనిషికి ఈ రెండూ ఒకేసారి అనుభవమవుతాయి: విసురు సంగతి తెలియనందువల్ల అతడు నిర్దోషి, అదే తెలియకపోవడం వల్ల తడిసి ముద్దయ్యేది అతడే. నీరు తీర్పు చెప్పదు కనుక అజ్ఞానాన్ని తగ్గింపుగా లెక్కించదు. ఆక్షేపణకు సగం జవాబు ఇక్కడ దొరుకుతుంది: నేర్చుకోనివాడు దోషం నుంచి తప్పించుకొన్నా గుండు వేడి నుంచి తప్పించుకోలేడు. మిగిలిన సగం మరింత ముఖ్యమైనది. తనకు తెలియదన్న సంగతి కూడా తెలియనంతకాలమే అజ్ఞానం నిర్దోషం. నౌకాశిక్షణ కేంద్రం పడవలో ఎక్కినవానికి తాడును, బిరడాను, గాలిని ఇంకెవరో చూసిపెడతారన్న నమ్మకం కొంత న్యాయమైనదే. పడవను సొంతం చేసుకొన్న నాడు ఆ ఇంకెవరో ఉండరు. సొంతదారు కావడమంటే తనకు తెలియనిది ఇంత ఉన్నదని తెలుసుకొని సంతకం పెట్టడం. అందువల్ల మొదటి బోల్తా కంటె ముందే, పడవ చేతికి వచ్చిన క్షణానే నిర్దోషిత్వం ముగుస్తుంది. మమకారాన్ని, అంటే ఇది నాది అన్న భావాన్ని, మోక్షశాస్త్రాలు బంధంగానే లెక్కించాయి. నీటి మీద మాత్రం ఆ భావం చేసే మొదటి పని తప్పును తన వైపు లాక్కోవడం. దానికి ముందుగానే నిర్మమత్వం చెప్పడం తప్పించుకోవడానికి బాగా పనికివచ్చే వేదాంతమవుతుంది.

ఒక మనిషి విషయంలో ఇలా జరిగే గీత మార్పు సమాజం విషయంలోనూ జరుగుతుంది, తెలుగు తీరానికి దాని చరిత్ర ఉన్నది. 1864 నవంబరులో బందరు మీదికి వచ్చిన ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొన్నప్పుడు దానిని ముందుగా చెప్పగల వ్యవస్థ దేశంలో లేదు. భారత వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కలోనే పదివేల మంది దాకా చనిపోయినప్పుడు సముద్రాన్ని మాత్రమే నిందించి ఊరుకోవడం సాధ్యం కాలేదు; హెచ్చరిక, రవాణా, తలదాచుకొనే గట్టి కట్టడం అనే మాటలు అప్పటి నుంచి ప్రశ్నలుగా మారాయి, తీరం వెంట తుఫాను రక్షణ భవనాలు లేచాయి. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు ఒడిశా, ఆంధ్ర తీరాల నుంచి లక్షల మందిని ముందే తరలించారు. నూట యాభై ఏళ్లలో గాలి స్వభావం ఎంత మారినా మారకపోయినా, ఒక ఉప్పెనలో పోయిన ప్రాణాన్ని దైవికమనడానికి కావలసిన రుజువు మాత్రం చాలా కఠినమయింది.

ఇక్కడ ఒక ప్రమాదం ఉన్నది. దోషాన్ని విస్తరించుకొనే ఈ లెక్క తన విషయంలో తాను వేసుకొన్నప్పుడు అభ్యాసమవుతుంది. ఇతరుల విషయంలో వేసినప్పుడు, ముఖ్యంగా ఒడ్డున నిలబడి వేసినప్పుడు, క్రూరత్వమవుతుంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఈ తేడాను రాజనీతిలోకి తెచ్చింది. దేశాంతరాల మధ్య తిరిగే ఓడలు పెనుగాలికి చిక్కి విరిగి తీరానికి కొట్టుకొని వచ్చినప్పుడు వాటిలోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సరుకంతటినీ పూర్వపు రాజులు లాక్కొనేవారనీ, తాము నిర్ణీతమైన సుంకం మాత్రం తీసుకొని తక్కినదంతా సొంతదారులకే వదిలివేస్తున్నామనీ అందులో ప్రకటించాడు. ప్రాణం కంటె ధనమే గొప్పదని తలచి సముద్రయానమనే పెను సాహసానికి తెగించేవారి మీద దయతో ఈ పని చేస్తున్నట్టు శాసనం చెప్పుకొంటుంది. వర్తకుడు తెలిసే తెగించాడన్న సంగతి రాజుకు తెలుసు. ఓడనాయకుడు మబ్బు చూసి కూడా బయలుదేరాడా, తెరచాప సకాలంలో దించాడా అని విచారించే అధికారమూ ఉన్నది. తెగింపును సరుకు లాక్కోవడానికి కారణంగా చూపడం పాత పద్ధతికి సులువుగా సరిపోయేది. గణపతిదేవుడు అదే తెగింపును దయకు కారణంగా చూపాడు. రేవుకు వర్తకులు రావాలన్న లెక్క కూడా ఇందులో ఉండే ఉంటుంది. అయినా విరిగిన ఓడను చూసినప్పుడు ఏ ప్రశ్నను అడగకూడదో తెలిసిన పాలకులు తక్కువ.

మనువు పడవవారిని విచారించమన్నది వారు కేవు పుచ్చుకొని ఇతరుల సరుకును ఎక్కించుకొన్నారు కాబట్టి. అదే న్యాయాన పడవ నేర్పే శిక్షకుడు రుసుము పుచ్చుకొన్నవాడే. తోడు పడవలో కొద్ది దూరాన నిలిచి, శిష్యుడు బోల్తా పడుతుంటే ఆపకుండా చూడడం అతని వృత్తిధర్మంలో భాగం. పడిన పడవ డ్యాగర్‌బోర్డు మీద నిలబడి దానిని తిరిగి నిలబెట్టుకోవడం శిష్యుడు పడితేనే నేర్చుకొంటాడు. ఆ రోజు గాలి శిష్యుని చేతికి మించినదో కాదో తూచవలసినవాడు మాత్రం శిక్షకుడే, ఆ తూకంలో తప్పితే తనకు దైవికం అడ్డురాదు. సొంత పడవను తెచ్చుకొని శిక్షకుని నీడ దాటినవారి విషయంలో ఆ తూకం కూడా వారిదే అవుతుంది.

మరి తుఫాను హెచ్చరిక ఉన్న రోజున ఉప్పాడ నుంచో, భీమిలి నుంచో వేటకు పోయి తిరిగిరాని పడవ మాట ఏమిటి? హెచ్చరిక రేడియోలో, ఫోనులో అందింది కనుక అజ్ఞానం లేదు. సముద్రం ఆ పడవవారికి తెలిసినంతగా హెచ్చరిక రాసినవారికి తెలియదు. లెక్క ప్రకారం అది దోషమే, పరిహారం ఇవ్వవలసిన గుమాస్తాకు ఆ మాట చాలా సౌకర్యంగా కూడా ఉంటుంది. అయితే భగవద్గీత చెప్పిన ఐదు కారణాలను ఆ పడవకు వర్తింపజేసినప్పుడు కర్త అన్న ఒక్క గడిని నింపి ఊరుకోవడం కుదరదు. పడవ మీద అప్పు ఎవరికి ఉన్నదో, వేటలేని రోజు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో కూడా రాయవలసి ఉంటుంది. దోషం తనదేనని ఆ పడవవాడే అంటే అది వేరు. ఆ మాట అనే హక్కు ఒడ్డున ఉన్నవారికి ఎంతవరకు ఉన్నదన్నది మోటుపల్లి శాసనం దగ్గర మళ్లీ మొదలుపెట్టి విచారించవలసిన సంగతి.